సముద్రం లేని ఓడలో ఎవరు ఎక్కడ పడుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 1885 ప్రాంతంలో జరిగే కథ రాస్తున్నారు. అందులో బ్రిటిష్ వాళ్ల ఎగిరే యుద్ధనౌక ఒకటి ఉంది. ఆవిరి ఇంజన్, ఫిరంగులు, నూట నలభై మంది మనుషులు. దాన్ని పైకి లేపేది మీరు కల్పించిన ఒక ఖనిజం. ఏ డెక్కు మీద ఏముండాలి, లోపల మనుషులు రోజూ ఎలా గడుపుతారు అని అడిగారు. మీరు గీసిన ప్లాను చూశాను. గీత చక్కగా ఉంది. కానీ అది మామూలు యుద్ధనౌకే. కింద నీళ్లు చెరిపేసి మబ్బులు పెట్టారు, అంతే.

నేను విశాఖపట్నం వాణ్ణి. ముప్పై ఏళ్లు వాణిజ్య నౌకల ఇంజన్ రూముల్లో పనిచేసి రిటైరయ్యాను. ఎగిరే ఓడ నేనూ ఎక్కలేదు, కానీ ఓడలో ఏ గది ఎందుకు అక్కడే ఉంటుందో చెప్పగలను. చాలావాటికి కారణం ఒక్కటే, సముద్రం. ఓడని మోసేది అదే. ఇంజన్ని చల్లబరిచేది అదే. బాయిలర్లని శత్రువు గుళ్లకి అందకుండా దాచేది, నిప్పంటుకుంటే ఆర్పేది, చివరికి మన మురికి మోసుకుపోయేది కూడా అదే. మీరు దాన్ని తీసేశారు. ఈ పనులన్నీ ఇప్పుడు ఎవరు చేస్తారో ఒక్కొక్కటే అడుగుతూ పోండి, సగం ప్లాను దానంతటదే తయారవుతుంది.

ముందు సైజు. విక్టోరియన్ యుద్ధనౌక అనగానే అందరికీ గుర్తొచ్చేది హెచ్.ఎం.ఎస్. వారియర్. 1860లో నీళ్లలోకి దిగింది. పొడవు 128 మీటర్లు, బరువు 9,000 టన్నుల పైమాట, ఏడు వందల మంది సిబ్బంది. ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉంది. మా ఓడ సౌతాంప్టన్‌లో ఆగినప్పుడు రైలెక్కి వెళ్లి చూసొచ్చాను. మీ కథకి అది వద్దు. చాథమ్‌లో ఉన్న హెచ్.ఎం.ఎస్. గానెట్‌ని తీసుకోండి. 1878 నాటిది. పొడవు 52 మీటర్లు, బరువు 1,130 టన్నులు, ఇనుప చట్రానికి టేకు పలకలు, ఇంజన్ దాదాపు 1,100 హార్స్‌పవర్. సిబ్బంది మీరనుకున్నంతే, నూట నలభైకి అటూ ఇటూ.

ఖనిజం కల్పించి మంచి పని చేశారు. హైడ్రోజన్ అయితే ఒక ఘనపు మీటరు మోసేది కిలో కంటే కాస్త ఎక్కువ. గానెట్ లాంటి చిన్న ఓడని లేపాలన్నా పది లక్షల ఘనపు మీటర్లు కావాలి. 1936 నాటి జర్మన్ గాలి ఓడ హిండెన్‌బర్గ్‌లో ఉన్నది రెండు లక్షలు. అంటే అయిదు హిండెన్‌బర్గులు కలిపి కడితే ఒక చిన్న యుద్ధనౌక. ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ 1886లో తన ఎగిరే ఓడ నవలలో ఈ చిక్కుని ఇంకోలా దాటాడు. 37 స్తంభాల మీద 74 పంకాలు పెట్టి, ఓడ ఒళ్లంతా అదిమిన కాగితంతో కట్టించాడు. బరువు సంగతి ఆయన మర్చిపోలేదు, మీరూ మర్చిపోవద్దు.

ఇక నీళ్లు. మీ ప్లానులో నాకు కనిపించిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ఆవిరి ఓడ అంటే అందరూ బొగ్గు లెక్కే చూస్తారు. ఆ కాలపు మంచి ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కి గంటకి సుమారు కిలో బొగ్గు తింటుంది. వెయ్యి హార్స్‌పవర్‌కి గంటకో టన్ను వేసుకోండి. కానీ అదే గంటలో ఏడెనిమిది టన్నుల నీళ్లు ఆవిరవుతాయి. ఓడలో ఆ ఆవిరిని కండెన్సర్‌లోకి పంపి, సముద్రపు నీటితో చల్లార్చి, మళ్లీ నీళ్లు చేసి బాయిలర్‌కి ఇస్తాం. ఒకసారి తూర్పు తీరంలో పాత ఆవిరి టర్బైన్ ఓడ మీద ఉన్నాను. చల్లటి నీళ్లు లోపలికొచ్చే జాలీని జెల్లీఫిష్ గుంపు మూసేసింది. పావుగంటలో కండెన్సర్ వాక్యూమ్ పడిపోయింది, ఓడ నత్తనడక పట్టింది. జాలీ విప్పి జిగురు జిగురుగా ఉన్నదాన్ని బకెట్లతో ఎత్తిపోశాం. చేతులు రెండు రోజులు మండాయి. సముద్రంలో ఉండి కూడా నీళ్లు అందకపోతే గతి అది. గాల్లో అసలు నీళ్లే లేవు.

కాబట్టి మీ నౌకకి గాలితో చల్లబడే కండెన్సర్ కావాలి. ఓడ రెండు పక్కలా, బయటి గోడ పొడవునా, వందల కొద్దీ రాగి గొట్టాలు. బస్సు రేడియేటర్‌ని ఓడంత పెద్దది చేసి ఊహించుకోండి. దీంతో ఓడ రూపమే మారుతుంది. ఫిరంగి కన్నాలు తెరుచుకునే పక్కగోడలు ఇప్పుడు గొట్టాలకి పోయాయి. పైగా యుద్ధంలో శత్రువు గురి పెట్టేది బాయిలర్‌కి కాదు, ఈ గొట్టాలకే. నాలుగు తెగితే చాలు, ఓడ తెల్లటి ఆవిరి చిమ్ముతూ నీళ్లు పోగొట్టుకుంటుంది. కథకి ఇంతకంటే మంచి గాయం నాకు తట్టడం లేదు.

గొట్టాల వల్ల ఇంకోటి జరుగుతుంది. పైకి వెళ్లే కొద్దీ కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. మూడు వేల మీటర్ల మీద కింది కంటే ఇరవై డిగ్రీలు తక్కువ. లంబసింగి చలికే దుప్పట్లు కప్పుకునేవాళ్లం మనం. ఆ ఓడలో వెచ్చగా ఉండే చోటు ఈ కండెన్సర్ గోడ లోపలి వైపు. తడి బట్టలు అక్కడే ఆరేస్తారు, జబ్బు పడ్డవాణ్ణి అక్కడే పడుకోబెడతారు. సీనియర్లు ఆ పక్క కొక్కేలన్నీ ముందే పట్టేసుకుంటారు. కొత్తగా చేరిన కుర్రాడికి మధ్యలో, గాలి కొట్టే చోటు. ఎవడి హోదా ఏమిటో గోడకి ఎంత దూరంలో పడుకున్నాడో చూస్తే చాలు.

బొగ్గు తగ్గే కొద్దీ ఓడ తేలికై పైకి లేస్తుంది. రోజుకి ఇరవై టన్నులు అంటే చిన్న విషయం కాదు. 1930ల్లో అమెరికన్ నౌకాదళం వాళ్ల ఆక్రాన్, మేకాన్ అనే గాలి ఓడల మీద ఇంజన్ పొగలోంచి నీళ్లు పట్టి ఆ బరువు సరిచేసుకున్నారు. బొగ్గు పొగతో ఆ కిటుకు నడవదు, అందులో నీటి పాలు తక్కువ. కాబట్టి మీ నౌక రోజూ ఏదో ఒక చెరువు మీదో నది మీదో ఆగి గొట్టం దించి నీళ్లు తోడుకోవాలి. ఇంగ్లిష్ వాళ్ల మహా యుద్ధనౌక ఊరి చెరువు కోసం వెతుక్కుంటూ తిరగడం! ఆ చెరువు ఎవరిది, వాళ్లు నీళ్లు ఇవ్వం పొమ్మంటే ఓడవాళ్లు ఏం చేస్తారు? నేనైతే ఒక అధ్యాయం దీనికే ఇచ్చేవాణ్ణి.

బాయిలర్ల సంగతికొద్దాం. మామూలు యుద్ధనౌకలో అవి నీటిమట్టం కిందుంటాయి, పక్కల బొగ్గు గదులుంటాయి. బొగ్గు కూడా ఒక రకం కవచమే, ఆ రోజుల్లో డిజైన్ చేసేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకునే కట్టేవారు. మీ ఓడకి నీటిమట్టం లేదు. శత్రువు నేల మీద ఉంటే గుండు కిందనుంచి వస్తుంది. అందుకే బొగ్గు గదులు పక్కలకే కాదు, బాయిలర్ల అడుగున కూడా పరవండి. అప్పుడు గమ్మత్తేమిటంటే, ప్రయాణం సాగే కొద్దీ కవచాన్నే కాల్చుకు తింటున్నారు. ఏ బొగ్గు ముందు తీయాలి, అడుగుదా పక్కదా అని చీఫ్ ఇంజనీరుకీ కెప్టెన్‌కీ గొడవ రాకపోతే నన్నడగండి.

పైన గాలి పల్చబడుతుందని కూడా గుర్తుంచుకోండి. మూడు వేల మీటర్ల మీద గాలి సాంద్రత కింది దాంట్లో ముప్పావు వంతు. నిప్పు మందగిస్తుంది. పంకాలతో గాలి తోసే పద్ధతి 1880ల్లో నౌకాదళంలోకి అప్పుడే వస్తోంది కాబట్టి మీరు వాడుకోవచ్చు. మందగించేది నిప్పొక్కటే కాదు, పార పట్టిన మనిషి కూడా. ఓడల్లో బొగ్గు వేసేవాళ్లు నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతిగా తిరిగేవారు. మీ ఓడలో ఆ నాలుగుని మూడు చేయండి, లేకపోతే మనుషులు నిలబడరు. నలభై అయిదు డిగ్రీల కొలిమి ముందు నుంచి చెమట బట్టలతో నేరుగా పై డెక్కుకి పోయినవాడు చలికి కొయ్యబారిపోతాడు. అందుకని బాయిలర్ గదికీ పై డెక్కుకీ నడుమ ఒక చిన్న గది పెట్టండి, ఒళ్లు ఆరబెట్టుకుని బట్టలు మార్చుకోవడానికి. మీ ప్లానులో బాయిలర్ గదిలోంచి నిచ్చెన నేరుగా ఆకాశంలోకి తెరుచుకుంది.

మందుగుండు గది ఓడలో అన్నిటికన్నా అడుగున ఉంటుంది. నిప్పు దగ్గరికొస్తే కుళాయి తిప్పి సముద్రపు నీటితో ముంచేస్తారు. లోపలికి దీపం కూడా పోదు. పక్క గదిలో పెట్టి గాజు పలకలోంచి వెలుగు మాత్రం రానిస్తారు. ఆ పక్క గది, గాజు పలక ఉంచండి, చాలా బాగుంటాయి. కానీ ముంచడానికి నీళ్లేవి? నా ఉపాయం ఒకటే. గదిని అడుగునే ఉంచి నేలనంతా తలుపు చేయండి. ప్రమాదమొస్తే పిన్ను లాగి మందుగుండంతా కిందికి జారవిడవడమే. కింద ఎవరి ఊరుందో చూసుకునే వ్యవధి ఉండదు. పిన్ను లాగే అధికారం ఎవరికిచ్చారో మాత్రం కథలో ముందే చెప్పి ఉంచండి.

ఇక కెప్టెన్ ఎక్కడ? మీరు ఎత్తైన బ్రిడ్జి మీద, అంటే డెక్కు పైన ఓడ నడిపే వేదిక మీద నిలబెట్టారు. అక్కడినుంచి ఆయనకి కనిపించేది తన డెక్కూ, చుట్టూ ఆకాశమూ. చూడాల్సిందేమో కింద ఉంది. జెప్పెలిన్లనే జర్మన్ గాలి ఓడల్లో నడిపే గది అందుకే ముందు భాగాన, పొట్ట కింద వేలాడేది. మీరూ ముక్కు కింద గాజు కిటికీల గది ఒకటి వేలాడదీయండి. చుక్కాని పట్టేవాడొకడు, ఎత్తు చూసుకునేవాడు ఇంకొకడు. జెప్పెలిన్‌లో ఈ రెండోవాడు ఓడ నడిచే దిక్కుకి అడ్డంగా, పక్కకి తిరిగి నిలబడేవాడు. ముక్కు లేస్తోందా వాలుతోందా అన్నది ఒంటికి తెలియాలని. కానీ బ్రిటిష్ నౌకాదళానికి వెనుక డెక్కు పవిత్రం. అడుగు పెట్టగానే సెల్యూట్ కొట్టాలి. కెప్టెన్ బస కూడా వెనకే. కాబట్టి ఆ పెద్దమనిషి నిద్ర వెనక, పని ముందు అడుగున. మధ్యలో యాభై మీటర్ల నడక, బాయిలర్ గది పక్కనుంచి, సిబ్బంది భోజనాల బల్లల మధ్యనుంచి. అర్ధరాత్రి గంట మోగితే రాత్రి చొక్కాతో ఆయన పరిగెత్తడం నూట నలభై మందీ చూస్తారు. సముద్రం మీద కెప్టెన్‌కి ఉండే మర్యాద, దూరం ఇక్కడ నిలవవు. దీన్ని మీరు ఎంతైనా వాడుకోవచ్చు.

మనుషుల నడకకి కూడా బరువుంది. 1937లో హిండెన్‌బర్గ్ దిగేటప్పుడు వెనక బరువెక్కితే ఆరుగురిని ముక్కులోకి వెళ్లమన్నారు, సరిచేయడానికి. మీ ఓడ అంత సున్నితం కాదు, వెయ్యి టన్నులు. అయినా భోజనాల గంట కొట్టగానే వంద మంది ఒక కొసకి చేరితే, ఎత్తు చూసేవాడు తిట్టుకుంటూ చక్రం తిప్పుతాడు.

ఫిరంగుల విషయంలో ఒక అపోహ తీసేస్తాను. ఫిరంగి పేలితే ఎగిరే ఓడ వెనక్కి గిరగిరా తిరిగిపోతుందని రాస్తుంటారు. లెక్క చూడండి. 29 కిలోల గుండు సెకనుకి 380 మీటర్ల వేగంతో పోయిందనుకుంటే, వెయ్యి టన్నుల ఓడ వెనక్కి కదిలేది సెకనుకి ఒక సెంటీమీటరు చిల్లర. ఓడకేం కాదు, దెబ్బ తినేది ఫిరంగి కింది దూలాలు. అసలు చిక్కు వేరే ఉంది. కిందికి గురి పెట్టాలి. అప్పటి ఫిరంగుల్లో చాలావాటికి మూతి లోంచే మందు, గుండు దట్టించాలి. మూతి బాగా కిందికి వంచితే గుండు ముందుకి జారి, మందుకీ దానికీ మధ్య ఖాళీ వస్తుంది. అలా కాలిస్తే ఫిరంగే పగలొచ్చు. వెనకనుంచి దట్టించేవి కావాలి. మీ అదృష్టం, 1879 జనవరిలో హెచ్.ఎం.ఎస్. థండరర్ మీద ఒక పెద్ద ఫిరంగిని పొరపాటున రెండుసార్లు దట్టించి పేల్చారు, పదకొండు మంది చచ్చిపోయారు. ఆ తర్వాతే బ్రిటిష్ వాళ్లు వెనకనుంచి దట్టించే ఫిరంగులకి మళ్లారు. 1885 అంటే సరిగ్గా సరిపోతుంది. కింద జారవిడిచే బాంబుల గురించి సందేహపడకండి. 1849లోనే ఆస్ట్రియా సైన్యం వెనిస్ మీదికి మనుషుల్లేని బెలూన్లతో బాంబులు పంపింది. బెలూన్లలోంచి పేలుడు పదార్థాలు వేయకూడదన్న హేగ్ ప్రకటన 1899 దాకా రాలేదు.

నివాసం. వారియర్‌లో నేను ఎక్కువసేపు నిలబడింది ఫిరంగుల డెక్కు మీదే. రెండు ఫిరంగుల మధ్య ఒక బల్ల, పైనుంచి తాళ్లతో వేలాడుతూ. ఒక్కో బల్లకి పద్దెనిమిది మంది వరకు. తినడం అక్కడే, ఉత్తరాలు రాసుకోవడం అక్కడే, రాత్రికి దాని మీదే హ్యామక్‌లు, అంటే కాన్వాస్ ఊయలలు. యుద్ధ నౌకల్లో మనిషికి లెక్క కట్టింది 14 అంగుళాల వెడల్పు. సగం మంది డ్యూటీలో ఉంటారు కాబట్టి నిజానికి దానికి రెట్టింపు దొరికేది. గైడ్ చూడకుండా ఒక ఊయలని భుజంతో కొలిచాను. నా భుజాలకే 17 అంగుళాలు కావాలి. ఈ ఏర్పాటంతా మీ ఓడకి యథాతథంగా పనికొస్తుంది, ఒక్క మార్పుతో. పొద్దున్నే ఊయలల్ని గట్టిగా చుట్టి డెక్కు అంచున ఉండే వలల్లో కుక్కేవారు, తుపాకీ గుళ్లకి అడ్డంగా. మీ ఓడకి గుళ్లు కిందనుంచి కదా, వాటిని నేల మీద పరవాలి. అంటే యుద్ధమప్పుడు అందరూ తమ పక్కల మీదే నిలబడి పోరాడతారు.

తిండి సంగతి మన వాళ్లకి బాగా అర్థమవుతుంది. బ్రిటిష్ నావికుడి తిండి ఉప్పు మాంసం, గట్టి బిస్కెట్, కోకో, ఎండు బఠాణీల సూప్. మూడు వేల మీటర్ల మీద నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. బఠాణీ ఉడకదు. కొండ ప్రాంతాల్లో పప్పు ఉడకక తిప్పలు పడ్డవాళ్లెవరైనా చెబుతారు. మీ వంటవాడు తెలివైనవాడైతే బాయిలర్ గదికి ఒక సన్నటి గొట్టం వేయించుకుని, మూత బిగించిన కుండలో ఆవిరితో ఉడికిస్తాడు. ప్రెషర్ కుక్కర్ ఆలోచన కొత్తదేం కాదు, ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాపిన్ 1679లోనే చేసి చూపించాడు. ఆవిరి ఇవ్వాలా వద్దా అన్నది ఇంజన్ వాళ్ల చేతిలో ఉంటుంది. కాబట్టి బొగ్గు వేసేవాళ్ల గిన్నెల్లో సూప్ ఎప్పుడూ చిక్కగా ఉంటుంది, పై డెక్కు వాళ్లకి కారణం తెలిసినా నోరెత్తరు. మధ్యాహ్నం రమ్ము ఇవ్వడం మర్చిపోకండి. 1850 తర్వాత మనిషికి రోజుకి పింటులో ఎనిమిదో వంతు, అంటే 71 మిల్లీలీటర్లు. మామూలు నావికులకి నీళ్లు కలిపే ఇచ్చేవారు.

కాపలా వంతులు నాలుగేసి గంటలు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మాత్రం రెండుగా విరుస్తారు, రోజూ ఒకే జట్టుకి అర్ధరాత్రి వంతు పడకుండా. అరగంటకోసారి గంట. ఇందులో మార్చాల్సిందేం లేదు.

తెలుగువాణ్ణి ఓడ మీద పెట్టాలని ఉందన్నారు. బ్రిటిష్ యుద్ధనౌకలో 1885లో అది కష్టం. కానీ కలకత్తా, బొంబాయి నుంచి తిరిగిన వాణిజ్య ఓడల్లో మన దేశపు ఖలాసీలు నిండా ఉండేవారు. వాళ్ల నాయకుడు సరంగు, అతని కింద తండేలు, వంటకి భండారీ, కొలిమి దగ్గర ఆగ్‌వాలా. తండేలు అన్న మాట మన మత్స్యకారుల నోట ఇప్పటికీ ఉంది. ఓడ నౌకాదళానిది కాకుండా భారత ప్రభుత్వపు 'హర్ మెజెస్టీస్ ఇండియన్ మెరీన్'ది అని రాయండి. 1877లో పెట్టారు, 1892లో రాయల్ ఇండియన్ మెరీన్ అయింది. అందులో తెల్ల అధికారులు, ఇండియన్ ఖలాసీలు సహజం. కోరంగి కుర్రాడొకడు కోరంగి మీదుగానే ఎగరొచ్చు. 1839 తుఫానుకి ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. పైనుంచి చూస్తే తాత చెప్పిన రేవు ఎక్కడుందో వాడికి కనిపించదు.

చివరగా మరుగుదొడ్లు. మీరు ఆ కాలపు ఓడల్లాగే ముక్కు దగ్గర పెట్టారు. తెరచాప ఓడకి గాలి వెనకనుంచి వస్తుంది కాబట్టి ముందు పెడితే వాసనా తుంపరా ముందుకే పోతాయి, అందుకే ఆ ఏర్పాటు. ఎగిరే ఓడ ఇంజన్‌తో దూసుకుపోతుంది, గాలి ఎప్పుడూ ఎదురే. ముక్కు దగ్గర వదిలింది ఓడ పొడవునా ప్రయాణిస్తుంది, దారిలో మీ కెప్టెన్ గాజు కిటికీలు కూడా ఉన్నాయి. అవి వెనక్కి వెళ్లక తప్పదు. వెనకేమో అధికారుల బస. ఆ గోడ ఎవరి గదిని ఆనుకుని ఉండాలో తేల్చుకుని కొత్త ప్లాను గీసి పంపండి, అప్పుడు చిమ్నీ గురించి మాట్లాడుకుందాం.